ఎద్దుతలవాడి అక్క

మా రైటరక్క పోయింది. కొత్త రాష్ట్రం వచ్చిన సంబరానికి మా వీధిలో కట్టిన కాగితపు తోరణాలు ఇంకా దించనేలేదు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు దిగుతూ కుప్పకూలిందని మా డబ్బింగ్ థియేటర్ సౌండ్ ఇంజినీరు ఫోన్ చేశాడు. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట. గుండె. నేను అయ్యో అని కూడా అనలేదు. "తాళం" అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ క్షణాన ఆమె మొహం గుర్తుకు రాలేదు. నాచారంలో వాళ్ల మొదటి అంతస్తు గ్రిల్లు తలుపుకి వేలాడే ఇత్తడి తాళం గుర్తుకొచ్చింది. ఆ తాళం వెనక ఆమె తమ్ముడున్నాడు. పొద్దున ఆమె పనికి బయల్దేరినప్పటి నుంచీ ఉన్నాడు.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఆమె ఎవరో మీకు తెలియాలి. పిల్లలున్న ఇళ్లవాళ్లందరూ ఆమె మాటలు వినే ఉంటారు, పేరు మాత్రం విని ఉండరు. టీవీలో ఇంగ్లీషు బొమ్మల సినిమాలు తెలుగులో వస్తాయి చూశారూ, వాటికి మాటలు రాసేది. పేరు వెయ్యరు. వేసినా ఆ అక్షరాలు వచ్చేసరికి మీరు చానెల్ మార్చేస్తారు, నాకు తెలీదా! నేను ఆ సినిమాల్లో మగపిల్లలకి గొంతు ఇస్తాను. నలభై దాటినా నాది ఆరేళ్ల పిల్లాడి గొంతే. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే "బాబూ, మీ అమ్మకి ఇవ్వు" అంటారు.

మా థియేటర్ మల్లాపూర్ పారిశ్రామిక వాడలో ఒక రేకుల షెడ్డు పైన ఉండేది. థియేటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, అందులో గాలి ఆడని ఒక చిన్న రికార్డింగు బూత్, ఒక మైకు. కింద లేతు మిషను తిరగడం మొదలుపెడితే మేం టేకు ఆపేవాళ్లం. నేను తెనాలి నుంచి కాపురానికి వచ్చి, గొంతు పుణ్యమా అని ఈ పనిలో పడ్డాను. మొదటిరోజు "ఏమిటండీ ఈ ఉక్క" అంటే అక్క నవ్వి, "అండీ గిండీ పక్కకు వెట్టు చెల్లె, గీ డబ్బాల ఊపిరాడుడే ఎక్కువ" అంది. జనగామ దగ్గరి పల్లె ఆమెది. మిషన్ హాస్టల్లో చదువుకుంది. అక్కడ ఒక సిస్టర్ ఆమెకి అట్టలు ఊడిన ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి ఇచ్చిందట, గ్రీకుల పాత కథలవి. చదివీ చదివీ ఆమెకి అవి నోటికొచ్చేశాయి.

ఆమె పని కష్టం చెబితే మీకు నవ్వొస్తుంది. తెరమీద బొమ్మ పెదవులు మూస్తే మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. బొమ్మ నోరు తెరిస్తే మనమూ తెరవాలి. వాళ్లు మూడు ముక్కల్లో అన్నది మనం మూడు ముక్కల్లోనే అనాలి, తెలుగేమో సాగుతుంది. రోజంతా ఎవరో పరాయివాళ్ల మూతి చూస్తూ, ఆ మూతి పట్టినంత మేరే మాట్లాడాలి. "మూతి కనబడితె వానిది, మూతి కనబడకపోతె మనది" అనేది అక్క. అంటే, బొమ్మ వీపు తిప్పితేనో, చీకట్లో ఉంటేనో, అక్కడ మనం ఏ మాటైనా పెట్టుకోవచ్చు. సినిమా మొత్తంలో అలాంటి చోట్లు ఏ కొన్నో దొరికేవి. వాటికోసం ఆమె కళ్లల్లో వత్తులేసుకుని చూసేది.

గ్రీకు కథల సినిమాలు వరసగా వచ్చిన కాలం ఒకటుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాలు. అక్క ఆ పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకునేది, మేం టీ తాగుతుంటే అసలు కథ చెప్పేది. దేవుడి కొడుకైన బలశాలి పిచ్చెక్కి కన్నబిడ్డల్నే చంపుకున్నాడట. సినిమాలో వాడికి బిడ్డలే లేరు, ఒక వాగుడుకాయ తాబేలు ఉంది. పుట్టిన పిల్లల్ని పుట్టినట్టే మింగిన తండ్రి సినిమాలో వాళ్లని కొట్లో పెట్టి గడియ వేస్తాడంతే. అన్నిటికంటే పెద్ద దేవుడికి ఎక్కడెక్కడో సంసారాలు. సినిమాలో ఏకపత్నీవ్రతుడు, పెళ్లాం పుట్టినరోజుకి మబ్బులు కానుకిస్తాడు! పాతాళపు దొరేమో అసలు కథలో నవ్వన్నదే ఎరగని పెద్దమనిషి. సినిమాలో మెట్లమీద జారిపడి పిల్లల్ని నవ్విస్తాడు.

"పిల్లలకి భయం వేస్తుంది కదక్కా, మరి తియ్యరూ?" అన్నాను ఒకసారి.

"పిల్లలకు ఏం భయంలేదు చెల్లె. పక్కన కూసున్న నాయినకే భయం, రేపు పోరడు ఏమడుగుతడో అని. అయినా తీసుడు తప్పనను. మా అమ్మమ్మ కథ జెప్తుంటె మా మొఖాలు సూసి దయ్యాన్ని సంపేది, మొఖాలు సూసి బతికిచ్చేది. గని ఆమెకు అసలు కథ ఎరికె. ఏం దీస్తున్నదో ఎరికై తీసేది. గిప్పుడు గట్ల లేదు, అసలుదే ఎవలకు ఎరికె లేదు."

అప్పుడు వచ్చింది ఎద్దుతలవాడి సినిమా. ఆ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక ద్వీపంలో రాజు, అతని ఇంట్లో మనిషి ఒళ్లు, ఎద్దు తలతో ఒకడు. వాడికోసం రాజు లోపలికి వెళితే బయటికి రాలేని చిక్కుదారుల భవనం కట్టించి అందులో పడేస్తాడు. పైదేశం నుంచి వీరుడొస్తాడు. రాజకుమారి వాడికి దారపుండ ఇస్తుంది. దారం విప్పుకుంటూ లోపలికి వెళ్లి, వాణ్ని చంపి, అదే దారం పట్టుకుని బయటికొస్తాడు. సినిమాలో ఆ తర్వాత పెళ్లి, పాట, డాన్సు. దానికి చానెలువాళ్లు పంపిన మొదటి హెచ్చరిక ఏమిటో తెలుసా? ఎద్దు అంటే మనవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, దున్నపోతు అనండి అని. తెరమీద పాలలాంటి తెల్ల ఎద్దు, మాటల్లో దున్నపోతు. పిల్లలు గుడ్డివాళ్లనుకున్నారు కాబోలు. అక్క రెండు రోజులు తిట్టుకుంటూ రాసింది.

ఆ రోజుల్లోనే నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లాను. నాచారంలో సన్నటి సందు, పైన రెండు గదులు, వీధి వైపు బాల్కనీ. బాల్కనీ నిండా కిందినుంచి పైదాకా ఇనుప గ్రిల్లు. దాన్లో ఒకచోట మాత్రం బుట్ట పట్టేంత చదరం కోయించి ఉంది. మేం సందులోకి వచ్చేసరికి ఆ చదరంలోంచి తాడు కట్టిన వెదురుబుట్ట ఒకటి మెల్లగా దిగింది. పై అంతస్తులవాళ్లు కూరగాయలకీ పాలకీ బుట్ట దింపడం మామూలే కదా, నేను పట్టించుకోలేదు. అక్క తన సంచి తీసి బుట్టలో పెట్టింది. తాడు బిగిసింది, బుట్ట పైకి పోయింది.

"నా తమ్ముడు. సంచి పైకి వోయిందంటె నేను వస్తున్ననని ఎరికె వానికి. నేను మెట్లెక్కేలోపు టిఫిన్ డబ్బల ఏముందో సూస్కుంటడు" అంది.

ముప్పై దాటిన మనిషి. ఎత్తుగా, భుజాలు విశాలంగా ఉన్నాడు. మాట రాదు, ఒక పొడుగాటి మూలుగు తప్ప. సంతోషమొచ్చినా అదే, ఆకలేసినా అదే. తలుపు తీసి ఉంటే వీధినపడి వెళ్లిపోతాడు, ఎటు పోతాడో తెలియదు. ఒకసారి నారపల్లి అవతల ప్లాట్లు వేసిన చేలల్లో దొరికాడట, కాళ్లనిండా నెత్తురు. అమ్మానాన్నా పోయాక అక్కకి అతనూ, అతనికి అక్కా. ఆమె పనికి వెళ్లేటప్పుడు తాళం వేసేది. తాళంచెవి మెడలో సిలువ గొలుసుకే ఉండేది. పగలంతా అతను బుట్ట దింపుతూ ఉండేవాడు. బండి మీద కూరలమ్మే ఆమె ఓ టమాటా వేసేది, పోయే వచ్చేవాళ్లు బిస్కెట్టో పువ్వో వేసేవాళ్లు. మొదట్లో ఊరికే పైకీ కిందికీ లాగుతుంటే గోడకి కొట్టుకుని బుట్టలు విరిగిపోయేవట. అక్క చెయ్యిపట్టి నేర్పింది. "బరువు వడ్డంకనే గుంజాలె. ఉత్తగ గుంజద్దు." ఆ ఒక్క పాఠం అతనికి అబ్బింది. గంటసేపైనా సరే, బరువు పడేదాకా తాడు కదిలేది కాదు.

ఆ సినిమా డబ్బింగు సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంజినీరు టీకని కిందికి దిగాడు. బూత్ తలుపుకి లోపలివైపు పిడి ఊడి చాలాకాలమైంది, మేమిద్దరం లోపల, తలుపు వేసి ఉంది. అదేమో చప్పుడు బయటికి పోకుండా కట్టిన గది. ఎంత అరిచినా కిందికి వినబడదు. చీకటి, ఉక్క. నేను తలుపు బాది అలిసిపోయి కూర్చున్నాను. అక్క ఆగలేదు. అరచేతులతో బాదుతూనే ఉంది. "నా తమ్ముడు లోపలున్నడు, నా తమ్ముడు లోపలున్నడు" అంటోంది. లోపలున్నది మేమే కదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కాసేపటికి ఆమె నా పక్కన కూలబడింది. చెమటకి చీరంతా తడిసిపోయింది.

"గా రాజకుమారి లేదూ, దారమిచ్చింది? ఆమె ఎవలో ఎరికేనా నీకు?" అంది.

"రాజుగారి కూతురు."

"వానికి అక్క. గా ఎద్దుతలోనికి. ఇద్దరికి తల్లి ఒక్కతే. పుస్తకంల ఉన్నది. ఏ సిన్మాల జెప్పరు. సొంత తమ్ముణ్ణి సంపమని దారమిచ్చి పంపింది. ఎందుకు? గా ఇంట్ల ఇంకొక్క దినం ఉండలేక. నన్ను గూడ తోల్కపో అన్నది వీరుణ్ణి. వాడు తోల్కపోయిండు, నడుమల ఒక దీవిల పండుకున్నంక ఇడ్సిపెట్టి వోయిండు. పెండ్లీ లేదు, పాటా లేదు."

చీకట్లో ఆమె మొహం కనబడటం లేదు.

"నన్నూ ఒకడు అడిగిండు చెల్లె. ఉప్పల్ల సారు. మంచోడే. తమ్ముణ్ణి ఏడన్న సేర్పియ్యి, పెండ్లి జేసుకుందామన్నడు. పోలె. పోలేదని నేనేం దేవతను గాను. కొన్ని దినాలు వీడు సస్తె బాగుండు అనిపిస్తది. అనిపిచ్చిన దినం వానికి గుడ్లు రెండు ఎక్కువ వెడ్త."

నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది.

"నాకేమన్న అయితె తాళం ఎవలు దీస్తరు? గిదే నా ఫికరు. సావంటె భయంలేదు నాకు. మీదికెల్లి వాడు బుట్ట దింపుతనే ఉంటడు."

కరెంటు వచ్చింది. ఇంజినీరు వచ్చి తలుపు తీస్తూ "ఏమక్కా, కథలు జెప్పుకుంటున్నరా" అన్నాడు. అవునంది.

మర్నాడు తాళంచెవికి నకలు చేయించి, ఎర్రదారం కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకెందుకక్కా ఇది, నూరేళ్లు బతుకుతావు నువ్వు" అన్నాను. "నూరేండ్లా? గంత శిక్ష ఎయ్యకు తల్లీ" అంది. నేను దాన్ని నా చేతిసంచి లోపలి అరలో వేసుకున్నాను.

ఎద్దుతలవాడు చచ్చిపోయే చోటు రికార్డింగు కొన్నాళ్లకి జరిగింది. సినిమాలో వాడికి మాటలే లేవు, ఒట్టి గర్జనలు. చీకటి దారిలో వాడు వీపు మనవైపు పెట్టి నిలబడతాడు, దూరంగా రాజకుమారి దివిటీ కనబడుతుంది. మూతి కనబడదు. అక్క నన్ను బూత్‌లోకి పంపింది. "ఇక్కడ గర్జించకు. పిల్లగాని గొంతుతోని మెల్లగ, అక్కా, తలుపు తియ్యవా, అను." అన్నాను. హెడ్‌ఫోన్స్‌లో ఎవరి ఊపిరీ వినబడలేదు. అద్దం అవతల అక్క బల్లమీద తల పెట్టుకుని ఉంది. ముప్పై ఏళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట అది. తమ్ముడు ఒక్కసారీ అనలేదు, అనలేడు.

తనిఖీకి వచ్చిన సినిమా కంపెనీ మనిషి ఒప్పుకోలేదు. "రాక్షసుడు మాట్లాడతాడా? పైగా ఇలా మాట్లాడితే పిల్లలు వాడికోసం ఏడుస్తారు, వీరుడు పాడైపోతాడు. తీసెయ్యండి."

"వాడు రాక్షసుడు గాదు సార్, పిల్లగాడు. వాన్ని ఎవలన్న అడిగిన్రా, గా తలకాయ గావాల్నా అని?" అంది అక్క.

"మేడం, ఇది పిల్లల సినిమా."

"గందుకే అంటున్న."

తీయించేశాడు. కానీ అతను వెళ్లాక మా ఇంజినీరు, ఎప్పుడూ అక్కతో గిల్లికజ్జాలు పెట్టుకునే మనిషి, గర్జన కింద ఆ మొదటి మాట ఒక్కటీ సన్నగా ఉంచేశాడు. ఆ సినిమా సెలవుల్లో టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో. ఒకసారి మా పక్కింటి పాప "ఆంటీ, వాడు అక్కా అన్నాడు" అని పరిగెత్తుకొచ్చింది. వాళ్ల నాన్న "ఒట్టి గర్జనేనమ్మా" అన్నాడు. లేదు, అక్కా అనే అన్నాడు అని అది కాళ్లు నేలకేసి కొట్టింది. నేను ఆ సంగతి చెబితే అక్క వారంరోజులు పాడుకుంటూ తిరిగింది.

ఇక ఆ మధ్యాహ్నం. ఫోన్ పెట్టేసి ఆటో పట్టుకుని నాచారం వచ్చాను. సందు మొదట్లో దిగి పరిగెత్తాను. నన్ను చూసే ఉంటాడు, లేకపోతే ఆ వేళకి అక్క వస్తుందని తెలిసో, బుట్ట దిగింది. నా ముందే వచ్చి ఆగింది. ఖాళీబుట్ట. దాన్ని అలా వదిలేసి మెట్లెక్కలేకపోయాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే నా సంచి అందులో పెట్టేశాను. తాడు బిగిసింది. సంచి సగం గోడ దాటాక గాని నా బుర్ర పనిచెయ్యలేదు. తాళంచెవి అందులోనే ఉంది.

పైకి వెళ్లేసరికి గ్రిల్లు తలుపు అవతల నేలమీద కూర్చుని ఉన్నాడు. సంచిలోవన్నీ బయట పరిచాడు. టిఫిన్ డబ్బా కోసం వెతికాడు పాపం. నన్ను చూశాడు, నా వెనక మెట్లు చూశాడు. "తాళంచెవి ఇవ్వు తమ్ముడూ" అన్నాను, చెయ్యి లోపలికి చాపి. తాళం వైపు చూపించాను. చాలాసేపు పట్టింది. ఎర్రదారం పట్టుకుని దాన్ని ఎత్తాడు. అక్క మెడలో వేలాడే చోటు ఎక్కడో, తన గుండెమీద సరిగ్గా అక్కడ ఆనించుకున్నాడు. తర్వాత ఊచల మధ్యనుంచి నా చేతిలో పెట్టాడు. జీవితమంతా తనని లోపల ఉంచిన తాళానికి చెవి తానే ఇచ్చాడు. నేను తలుపు బార్లా తీశాను. బయటికి రాలేదు. బరువు వచ్చింది, మరి మనిషేదీ అన్నట్టు మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు అతను కీసర దారిలో సిస్టర్లు నడిపే ఒక ఇంట్లో ఉంటున్నాడు. నా ఇంట్లో పెట్టుకోలేకపోయాను. చోటూ లేదు, ఒప్పుకునేవాళ్లూ లేరు. అక్కడ చుట్టూ పెద్ద ప్రహరీ, లోపల చెట్లు, పగలు గదులకి తాళాలు వెయ్యరు. ఆదివారాలు వెళ్తుంటాను, ఉడకబెట్టిన గుడ్లు తీసుకుని.

అక్క పోయిన మరుసటి రోజు సమాధుల తోటకి బయల్దేరుతుంటే, ఊరినుంచి వచ్చిన వాళ్ల మేనమామ, "గుంపుల ఆగమైతడమ్మా, తాళమేసి పోదాం. మట్టి వెట్టంగనే వస్తం గద" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "తాళంచెవి నా దగ్గరుంది మామయ్యగారూ, నేనివ్వను" అన్నాను. నా గొంతు ఆరేళ్ల పిల్లాడిదే అయినా ఆయన మళ్లీ అడగలేదు. ఆటోలో తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు, ఒళ్లో బుట్ట, చేతికి చుట్టుకున్న తాడు. ఎంత చెప్పినా అది వదల్లేదు.

ఉప్పల్ అవతల సమాధుల తోటలో పాట పాడారు, వాక్యం చదివారు. నలుగురు మనుషులు రెండు తాళ్లమీద పెట్టెను గొయ్యిలోకి మెల్లగా దించారు. తమ్ముడు ఆ తాళ్లనే చూస్తున్నాడు. వాళ్లు తాళ్లు పైకి లాగేశాక ముందుకు నడిచాడు. అంచున నిలబడి చేతికున్న తాడు విప్పి, బుట్టను గొయ్యిలోకి దింపాడు. మేనమామ ఆపబోతే పాస్టరు గారు వద్దని చెయ్యెత్తారు. బుట్ట పెట్టెమీద ఆగింది. పారలు పట్టుకున్నవాళ్లు పారలు దించారు. తాడు వదులుగా ఉంది. అతను లోపలికి చూస్తూ నిలబడ్డాడు, లాగలేదు. బరువు పడేదాకా లాగకూడదని అతనికి నేర్పింది అక్కే.